వద్దన్న అధ్యక్షుడు

ప్రజా సమ్మతి పక్షం రాష్ట్ర పార్టీ. కాగితం మీద దాని కార్యక్షేత్రం ఆంధ్రప్రదేశ్ అంతా. కాళ్ళ మీద నడిచి చూస్తే తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ళకి అవతల కూడా రాష్ట్రం ఉందని పార్టీవాళ్ళకి తెలియక కాదు, అక్కడ వాళ్ళకి చుట్టాలు లేరు. ఎన్నికల సంఘం వాళ్ళు ఎన్నికకో గుర్తు ఇస్తుంటారు. ఒకసారి కుట్టుమిషను ఇచ్చారు. అది జనానికి అలవాటయ్యేలోపు ఈల ఇచ్చారు. డిపాజిట్ల సంగతి పార్టీలో ఎవరూ ఎత్తరు, శుభకార్యంలో పోయినవాళ్ళ పేరు ఎత్తనట్టే.

ఈ పార్టీకి రాష్ట్ర అధ్యక్షులు జగన్నాథంగారు. తెనాలిలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన లెక్చరర్లు తెనాలిలో పేటకి పదిమంది దొరుకుతారు. పొద్దున్నే వాకింగు, తర్వాత పెసరట్టు, ఆ తర్వాత దేశం ఎటు పోతోందన్న చర్చ, మధ్యాహ్నం నిద్ర. వాళ్ళందరిలో రాష్ట్ర అధ్యక్షుడు ఈయనొక్కరే. రామలింగేశ్వరపేటలో ఆయన గేటుకి ఆ మాట రాసిన రేకు బోర్డు ఉంది. పాలవాడు ఆ ఇంటిని ప్రెసిడెంటుగారిల్లు అంటాడు. ఏదైనా ఆఫీసుకి వెళితే కుర్చీ వేస్తారు. పని చేస్తారని కాదు, కుర్చీ వేస్తారు. బడ్జెట్ రోజున కేబుల్ టీవీ కుర్రాడు ఫోను చేసి, "మీ పార్టీ స్పందన ఏంటండి" అని అడుగుతాడు. ఆ ఒక్క పూట కోసం ఆయన బీరువాలో ఒక తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి విడిగా ఉంచుకుంటారు.

చిన్న సుఖమే. కానీ ఆ సుఖం తీసేస్తే ఆయన దగ్గర మిగిలేది మధ్యాహ్నం నిద్ర. ఆ పదవంటే ఆయనకి ప్రాణం. ప్రాణమన్న సంగతి ఎవరితోనూ అనలేదు. అలా అనుకోవడం కూడా మర్యాద కాదని ఆయన ఉద్దేశం.

అసలు ఈ పదవి ఆయనకి వచ్చిన తీరే అలాంటిది. పార్టీ పెట్టినాయన బాపట్ల ప్లీడరు బసవేశ్వరరావుగారు. ఆయన పోయాక సంతాపసభ పెట్టి, అదే సభలో జగన్నాథంగారిని అధ్యక్షుడిగా ఉండమన్నారు. "నాకెందుకండీ, నాకంటే పెద్దలున్నారు" అన్నారీయన. పెద్దలెవరూ లేరు, ఉన్న పెద్ద ఈయనే. అప్పుడు తెనాలిలో టెంట్ హౌసు నడిపే బాబూరావు వెనక వరసలోంచి లేచి, "వీల్లేదండి, మీరే ఉండాలి" అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. జగన్నాథంగారు తలవంచుకుని, సభ ఆజ్ఞ అన్నారు.

అదే ఆనవాయితీ అయి కూర్చుంది. మూడేళ్ళకోసారి మహాసభ, మూడు ఊళ్ళలో వంతులవారీగా. జగన్నాథంగారు నివేదిక చదువుతారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, "ఈసారికి నన్ను వదిలేయండి, కొత్తవారికి అప్పగించండి" అంటారు. బాబూరావు లేచి వీల్లేదంటాడు. చప్పట్లు, ఆ వెంటనే భోజనాలు. వంటవాళ్ళకి కూడా ఇది ఎంత అలవాటైపోయిందంటే, మైకులో బాబూరావు గొంతు వినపడగానే గుండిగల మూతలు తీసేవాళ్ళు.

ఇందులో మోసం ఉందని అనుకోకూడదు. జగన్నాథంగారు పుట్టి పెరిగిన ఇంట్లో నేర్పిన మర్యాద ఇది. ఇచ్చిందాన్ని గబుక్కున చెయ్యి చాచి పుచ్చుకోకూడదు. ఒకసారి వద్దనాలి. ఎదుటివాళ్ళు బతిమాలాలి. అప్పుడు తప్పనిసరైనట్టు పుచ్చుకోవాలి. వద్దనడం ఒకరి బాధ్యత, ఊరుకోకపోవడం రెండోవాళ్ళ బాధ్యత. రెండోవాళ్ళు తమ బాధ్యత మర్చిపోతే ఏమవుతుందన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఇలా సాగుతుండగా రెండేళ్ళ కిందట వాడరేవులో ఒక రిసార్టువాళ్ళు పడవలు ఒడ్డుకి లాగే చోట ఇనుప కంచె వేశారు. పడవలు పెట్టుకోడానికి చోటు లేకుండా పోయింది. అక్కణ్ణుంచి బాపట్ల బజారుకి చేపలు పంపే వ్యాపారం చేసే ఉమామహేశ్వరి, ఎవరో చెబితే విని తెనాలి వచ్చి, పార్టీ జెండా ఒకటి అడిగి తీసుకెళ్ళింది. పల్లెలో ఆడవాళ్ళందరినీ పోగేసుకుని బాపట్ల కలెక్టరాఫీసు ముందు కూర్చుంది. జగన్నాథంగారు వినతిపత్రం రాశారు. అందులో తీరప్రాంత ఆర్థికవ్యవస్థ గురించే ఒక పేజీ. కలెక్టరుగారు వినతిపత్రం తీసుకున్నారు, బయట కూర్చున్న ఆడవాళ్ళని చూశారు, కంచె జరిగింది. దేన్ని చూసి జరిగిందన్న విషయంలో పార్టీలో రెండు అభిప్రాయాలున్నాయి.

తర్వాత వాడరేవు పల్లె పల్లెంతా పార్టీలో చేరిపోయింది. ఒక్కొక్కరుగా కాదు. పల్లెపెద్ద సింగరయ్య, ఉమామహేశ్వరికి పెదనాన్న, చేరదామన్నాడు, కట్టుబాటుగా చేరారు. ఒక్క పూటలో పార్టీ రెట్టింపయింది. జగన్నాథంగారు ఎంతో సంతోషించి కేబుల్ టీవీ కుర్రాడికి తనే ఫోను చేశారు. ఆ రెట్టింపయిన వాళ్ళకి కూడా మహాసభలో ఓట్లుంటాయన్న సంగతి అప్పుడు తట్టలేదు.

తట్టేలా చేసినవాడు కౌశిక్. ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ పార్టీ వాట్సాప్ గ్రూపు నడిపే కుర్రాడు. మహాసభకి నెల ముందు గ్రూపులో, "ఈసారి అధ్యక్ష ఎన్నిక నిజంగా జరగాలి, ఉమామహేశ్వరిగారి పేరు పరిశీలించాలి" అని పెట్టాడు. కింద బొటనవేళ్ళు వరసగా లేచాయి. తను పెట్టకపోతే బాగుండదని జగన్నాథంగారు కూడా ఒక బొటనవేలు పెట్టారు.

బాబూరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏంటండి సార్ ఇది? మీరు కూడా వేలెత్తారేంటి?"

"లేకపోతే ఏం బాగుంటుంది బాబూరావ్."

"ఈసారి తిరగాలండి. ఓట్లు అడగాలి. రేపల్లె, బాపట్ల, వాడరేవు, అన్నీ తిరగాలి."

"నాకు నేనే అడగడమా?"

"నేనూ వస్తానండి. మీరు కూర్చోండి, నేనడుగుతా."

"నువ్వొచ్చి అడిగితే నేను పంపినట్టు ఉంటుంది. వద్దులే. నేనే ఒకసారి ఊరికే చూసొస్తాను" అన్నారు జగన్నాథంగారు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. పెద్దమనుషుల విషయంలో వాడేది కాదు గనక ఇక్కడ రాయడం లేదు.

అలా ఆయన ఎన్నికల ప్రచారం మొదలైంది. ముందు రేపల్లె. తెనాలి నుంచి పాసింజరెక్కి, రైస్‌మిల్లులో గుమస్తాగా చేస్తున్న వెంకట్ దగ్గరికి వెళ్ళారు. రేపల్లె ఓట్లన్నీ వెంకట్ మాట మీద ఉంటాయి. ధాన్యంలో తేమ గురించి మాట్లాడారు. వెంకట్ చెల్లెలి కాన్పు గురించి అడిగారు. ఊకదుమ్ముతో దగ్గు వచ్చేదాకా కూర్చున్నారు. వెంకట్ స్టేషను దాకా వచ్చి, రైలు కదిలే ముందు, "ఇంతకీ ఏం పని మీద వచ్చారు సార్?" అన్నాడు. "ఏం లేదు, చూసిపోదామని" అన్నారు జగన్నాథంగారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వెంకట్ అమ్మ కూడా కాదు, మిల్లు గుమస్తా.

తర్వాత బాపట్ల. బసవేశ్వరరావుగారి భార్య జయలక్ష్మిగారు అక్కడ పార్టీకి పెద్దదిక్కు. కాఫీ తాగాక ఈయన దారి వేసుకుందామని, "ఓపిక ఉండటం లేదమ్మా, ఈసారికి తప్పుకుందామనుకుంటున్నా" అన్నారు. అదేం మాట నాయనా అంటుందని ఆగారు. ఆవిడ నిట్టూర్చి, "నిజమే నాయనా, నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అని మోకాళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మోకాళ్ళకి ఏ నూనె మంచిదో చెప్పి ఆయన రైలెక్కేశారు.

వాడరేవు ఆఖరున పెట్టుకున్నారు. చీరాల్లో దిగి, ఆటో మాట్లాడుకుని ఎండలో వెళ్ళారు. పాకలో పల్లె పంచాయితీ జరుగుతోంది. ఒకతను తన పడవలో భాగం తమ్ముడికి వదిలేస్తానన్నాడు. సింగరయ్య అతని వైపు చూసి, "మాటేనా?" అన్నాడు. "మాటే" అన్నాడతను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సింగరయ్య మళ్ళీ, "మాటేనా?" అన్నాడు. "మాటే." మళ్ళీ ఊరుకున్నారు. మూడోసారి అడిగాక, "మాటే" అనగానే అందరూ తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. భాగం తమ్ముడిదైపోయింది.

"మూడుసార్లు ఎందుకు సింగరయ్యా?" అని అడిగారు జగన్నాథంగారు, లెక్చరరు కుతూహలం కొద్దీ.

"మొదటిసారి నోరు చెబుద్దండి. రెండోసారికి తనేమన్నాడో తనకి వినపడుద్ది. మూడోసారి కూడా అన్నాడంటే ఇంక ఆ మాట ఊరిది. కాదనుకునేవోడు వెనక్కి తీసుకోటానికేనండి మూడు." సింగరయ్య ఆయనకి కొబ్బరిబొండం ఇప్పించి, ఎదురుగా కూర్చున్నాడు. "ఇంక మీరొచ్చిన పనేంటో చెప్పండి మేష్టారూ."

"ఏం లేదు, ఊరికే చూసిపోదామని."

"ఇంత ఎండలో ఆటో కట్టించుకుని ఊరికే ఎవరొస్తారండి. ప్రెసిడెంటు సంగతేగా?"

జగన్నాథంగారు బొండంలోకి చూశారు.

"మా పిల్ల నిలబడుద్దని కుర్రోళ్ళు అంటున్నారు. అదేం పంతం పట్టలేదండి. మీరు పెద్దోరు, కంచె కాడ మా కోసం కాగితం రాశారు. ఉంటానని నోటితో ఒక్క మాటనండి. అది నిలబడదు. మావోళ్ళ ఓట్లన్నీ మీకే."

ఇంక కావలసిందేముంది. ఉంటాను అంటే చాలు. అంతకు మించి ఈ భూమ్మీద ఆయన చేయాల్సింది ఏమీ లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పదవి నాకు కావాలి అని నోరు తెరిచి అనడం, నలుగురిలో చొక్కా విప్పడం ఆయనకి ఒకటే.

"నాదేముంది సింగరయ్యా, సభ ఎలా అంటే అలా" అన్నారు.

సింగరయ్య ఇంకా ఏమైనా అంటారేమోనని ఆగాడు. "అంటే ఉంటారా, ఉండరా?"

"చూద్దాం."

వాడరేవులో చూద్దామన్న మాట మబ్బు పట్టినప్పుడు అంటారు, మనుషులతో అనరు. సింగరయ్య తల గోక్కుని, సరేనండి అని, ఆటో దాకా వచ్చి సాగనంపాడు.

తిరుగు రైల్లో జగన్నాథంగారు బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. అడగడం తన వల్ల కాదు. కానీ వద్దనడం వచ్చు. ఇన్నేళ్ళూ ఏదో అలవాటు కొద్దీ పొడిపొడిగా వద్దంటూ వచ్చారు. ఈసారి గట్టిగా, మనసుకి తగిలేలా వద్దంటే, బతిమాలడం కూడా అంత గట్టిగానే ఉంటుంది. బాబూరావొక్కడే కాదు, సభంతా లేస్తుంది. వాడరేవువాళ్ళు లేస్తారు. ఉమామహేశ్వరే లేచి మీరే ఉండాలంటుంది. ఓటు అడిగే పని లేకుండా ఓట్లన్నీ వస్తాయి. ఎకనామిక్స్ చదివినవాడు వేసిన లెక్క, పైకి ఏ లోపమూ కనపడదు.

వారం రోజులు పెరటి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం సాధన చేశారు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గాలి, చివర ఎక్కడ వణకాలి, అన్నీ చూసుకున్నారు. ఆయన భార్య హైమావతి గోరుచిక్కుళ్ళు తుంపుతూ వింటూ ఉండేది. ఒకరోజు చెయ్యి ఆపి, "మరీ అంత బాగా చెప్పకండి" అంది.

"ఏం?"

"వింటుంటే నాకే నిజమనిపిస్తోంది."

జగన్నాథంగారికి ఆ మాట మహా ఆనందం కలిగించింది. ఇంకో రెండు వాక్యాలు కలిపారు.

మహాసభ రేపల్లెలో, స్టేషనుకి దగ్గర్లో ఒక కల్యాణమంటపంలో జరిగింది. కుర్చీలు, మైకు బాబూరావువే, తెనాలి నుంచి వ్యానులో తెచ్చాడు. ఎన్నిక అవసరమైతే ఉంటుందని కౌశిక్ ఒక అట్టపెట్టెకి కన్నం పెట్టి వేదిక మీద ఉంచాడు. ముందు వరసల్లో తెనాలివాళ్ళు, రేపల్లెవాళ్ళు, వాళ్ళ మధ్యలో జయలక్ష్మిగారు. వెనక సగం హాలంతా వాడరేవువాళ్ళు, ఎవరూ అటూ ఇటూ తిరక్కుండా, పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఉమామహేశ్వరి గోడ పక్కన ఆడవాళ్ళలో కూర్చుంది.

జగన్నాథంగారు తెల్లచొక్కా వేసుకొచ్చారు. నివేదిక చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బాబూరావు సర్దుకుని కూర్చున్నాడు. వంటశాలలో మనిషి మూత మీద గుడ్డ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"నేనీ కుర్చీలో కూర్చున్నప్పటినుంచి నా కళ్ళజోడు అద్దాలు మారుతూనే ఉన్నాయి" అన్నారు జగన్నాథంగారు. "కుర్చీలో మనిషే మారలేదు. అది పార్టీకి మంచిది కాదు, నాకూ మంచిది కాదు. నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళు, బురదలో దిగేవాళ్ళు కింద కూర్చున్నారు. ఎప్పుడూ ఫ్యాను కింద కూర్చునే నేను పైన కూర్చున్నాను. మీరు మర్యాదకి మోశారు, నేను మర్యాదకి మోయించుకున్నాను. ఇక నన్ను దించండి. మిమ్మల్ని నేను కోరే కోరిక ఇదొక్కటే."

చివర్లో గొంతు వణకాలి. వణికింది. కానీ అది వరండాలో సాధన చేసిన వణుకు కాదు. చెబుతున్నంతసేపూ ఆ మాటలు నిజమేనని ఆయనకే అనిపించింది. దించండి అన్న చోట, దించేస్తే ఎలా ఉంటుందో లీలగా కనపడి, నిజంగానే గొంతు పూడిపోయింది.

జగన్నాథంగారు బాబూరావు వైపు చూశారు. బాబూరావు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. జగన్నాథంగారు చిన్నగా దగ్గారు. బాబూరావు లేచాడు. ఈయన ప్రాణం కుదుటపడింది.

"సార్," అన్నాడు బాబూరావు చేతులు జోడించి, "ఇన్నాళ్ళూ మీరు మాటవరసకి అంటున్నారనుకున్నానండి. మీకింత బాధ ఉందని తెలీక ప్రతిసారీ లేచి మిమ్మల్ని కష్టపెట్టాను. నన్ను క్షమించండి." కూర్చుని మళ్ళీ తువ్వాలు కుక్కుకున్నాడు.

వంటశాలలో మనిషి బాబూరావు గొంతు విని మూత తీశాడు. సాంబారు వాసన హాల్లోకి వచ్చింది.

జయలక్ష్మిగారు, "పాపం, ఓపిక లేదని మొన్న నాతో కూడా అన్నాడు" అంది పక్కావిడతో, అందరికీ వినపడేలా. వెంకట్ తల ఊపాడు. "అందుకేనండి మొన్న మిల్లుకొచ్చింది. చెప్పలేక వెళ్ళిపోయారు."

వెనక వరసల్లోంచి సింగరయ్య లేచాడు.

"మేష్టారూ, పెద్దమాట అన్నారు. మాటేనా?"

జగన్నాథంగారికి వాడరేవు పాకలో చూసింది గుర్తొచ్చింది. వెనక్కి తీసుకోడానికే మూడు అని అతను చెప్పిందీ గుర్తొచ్చింది. కాదని చెప్పడానికి దారి బార్లా తెరిచే ఉంది. కానీ ఇప్పుడే ఇంత చెప్పి, ఇంతమంది కళ్ళు తుడుచుకుంటుంటే, అది మర్యాదకి అన్నానండి అని ఎలా అంటారు?

"అంటే... సభ నిర్ణయం ఎలా ఉంటే..."

"సభ సంగతి తర్వాతండి. నేనడిగేది మీ మాట."

"మాటే" అన్నారు జగన్నాథంగారు.

సింగరయ్య ఊరుకున్నాడు. అతని వెనక ఉన్నవాళ్ళూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో తొందర లేదు. ముందు వరసల వాళ్ళకి ఏం జరుగుతోందో తెలియక వాళ్ళూ ఊరుకున్నారు. అప్పుడు గోడ పక్కనుంచి ఉమామహేశ్వరి లేచింది.

"మాస్టారండీ, నాకు ఈ పదవి మీద ఆశ లేదు. మీరు ఉంటానంటే నేను నిలబడను. ఎవరో ఏదో అన్నారని మీరు తప్పుకోవద్దు. ఉంటారా? చెప్పండి."

ఆయన అనుకున్నట్టుగానే ఆ పిల్ల లేచింది. అనుకున్న మాటే అడిగింది. ఊఁ అంటే అయిపోయేది. కానీ అప్పుడు జగన్నాథంగారు హాలంతా ఒకసారి చూశారు. సింగరయ్య, వెంకట్, బొటనవేళ్ళు పెట్టిన కుర్రాళ్ళు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఇన్నేళ్ళ అధ్యక్షతలో ఒక్కసారి కూడా ఆయన్ని ఎవరూ అలా చూడలేదు. వచ్చిన చప్పట్లన్నీ భోజనాలకి ముందు చప్పట్లే. ఇది వేరు. ఈ చూపు ఇంకొక్క క్షణం ఉంటే బాగుండునన్న ఆశ పుట్టింది ఆయనకి.

"లేదమ్మా. నువ్వే ఉండాలి" అన్నారు.

"మాటేనా?" అన్నాడు సింగరయ్య.

"మాటే."

మూడోసారి అడిగేసరికి ఆయనకి ఆ చూపు రుచి తీరిపోయింది, ఇంటి గేటుకున్న బోర్డు కళ్ళ ముందు కనపడుతోంది. కాదు అని నోరు తెరిచారు. తెరిచిన నోట్లోంచి, జీవితమంతా అలవాటైన దారినే, "మాటే" అని వచ్చింది.

వాడరేవువాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. మిగతావాళ్ళూ లేచారు. అట్టపెట్టె అవసరం పడలేదు. జగన్నాథంగారు పార్టీ తరఫున మురుగుకాలవల మీద, రేపల్లె రైళ్ళ మీద, వరి ధర మీద ప్రవేశపెట్టిన తీర్మానాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అమలు కాలేదు. ఇదొక్కటి మాత్రం సాంబారు చల్లారేలోపు అమలైంది.

ఆయనే ఉమామహేశ్వరి మెడలో దండ వేశారు. ఆ పిల్ల వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. దాని కళ్ళలో నీళ్ళు చూసి ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండుననుకున్నారు.

భోజనాల దగ్గర సింగరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు తిన్నాక, "మా ఊరి పెద్దరికం మా నాయనది, ఆయన పోయాక నాకొచ్చింది" అన్నాడు. "కుర్చీలో ఉండి, ఒంట్లో బాగుండి, తనంతట తను దిగినోణ్ణి ఇదే చూడటమండి. ఇంటికాడ పిల్లలకి చెబుతాను."

అది నిజం కాదు సింగరయ్యా, నాకు ఆ కుర్చీ కావాలి, అందామనుకున్నారు జగన్నాథంగారు. సింగరయ్య ముఖం చూశారు. "గోంగూర బాగుంది, వేయించుకో" అన్నారు.

తిరుగు రైల్లో బాబూరావు మైకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. కొంతదూరం వచ్చాక, ఏదో అనుమానం పట్టుకున్నట్టు, "నిజంగానే అన్నారు కదండీ సార్?" అన్నాడు.

"నిజంగానే బాబూరావ్."

"అమ్మయ్య. వీల్లేదనకపోవడం తప్పైందేమోనని భయమేసిందండి."

"తప్పేం లేదులే" అన్నారు జగన్నాథంగారు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. తెనాలి వచ్చేదాకా బాబూరావు ఉపన్యాసంలో మాటలే చెప్పుకుని పొగుడుతూ వచ్చాడు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. గేటు దగ్గర ఆయన బోర్డు వైపు చూడలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంటే హైమావతి కంచం పెట్టింది. మధ్యాహ్నం విందు సరిగా తిని ఉండరని ఆవిడకి తెలుసు. పప్పు, గోరుచిక్కుడు కూర వడ్డించి ఎదురుగా పీట వాల్చుకుంది.

"ఎవరయ్యారు?" అంది. మీరే కదా అని అడగలేదు. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఉమామహేశ్వరి. నేనే వద్దన్నాను."

హైమావతి నలభై ఏళ్ళుగా ఆయన వద్దనడం వింటున్న మనిషి. చీర కొనుక్కోమంటే వద్దు అన్నట్టు ముఖం పెట్టే అత్తగారి దగ్గర, ఆ అత్తగారి కొడుకు దగ్గర ఆవిడ కాపురం చేసింది. ఆయన ఏ వద్దుకి అర్థం ఏమిటో ఆవిడకి వేరే చెప్పాల్సిన పని లేదు.

"ఎవరూ బతిమాలలేదా?" అంది నెమ్మదిగా.

జగన్నాథంగారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేశారు. పొద్దున్నుంచీ మూడుసార్లు మాటే అన్నవాడు, దండ వేసినవాడు, గోంగూర వేయించుకోమన్నవాడు, ఇక్కడ ఆగలేకపోయారు. కంచం ముందు కూర్చుని, తలవంచుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఎడమచేత్తో తుడుచుకుంటే మళ్ళీ వచ్చాయి.

"లేదు" అన్నారు. "ఒక్కళ్ళు కూడా వీల్లేదనలేదు."

హైమావతి కళ్ళు కూడా చెమర్చాయి. లేచి గిన్నె తెచ్చింది.

"ఇంకాస్త అన్నం వెయ్యనా?"

"వద్దు. చాలు."

ఆవిడ గరిటెడు అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి పోసింది. జగన్నాథంగారు కాసేపు దాని వంక చూసి, కలుపుకుని తిన్నారు.